సన్నదోమ సాక్ష్యం

కాక చనిపోయిన సంగతి నాకు ఎవరూ కబురు చేయలేదు. కరీంనగర్ బస్టాండులో మంచిర్యాల బస్సు కోసం నిలబడి ఉంటే, బెల్లంపల్లిలో నాకు తెలిసిన టైలరు ఒకడు కనిపించి బత్తాయి ఒలుచుకుంటూ చెప్పాడు.

"కాక పోయిండు గద సారు. మీకు తెల్వదా? దినాలు గూడ అయిపాయె."

"తెలియదు" అన్నాను.

"గంత దగ్గరోళ్లు, మీకే జెప్పలేదా?" అన్నాడు వాడు. నిజంగానే ఆశ్చర్యపోయాడు.

కొన్నేండ్లు కాక మెస్సులో తిన్నాను కాబట్టి నేను దగ్గరివాణ్నని వాడి లెక్క. బత్తాయి తొన ఒకటి నా చేతిలో పెట్టి "మంచి మనిషి" అన్నాడు. ఆ తొన నేను తినలేదు. బస్సు కదిలాక కిటికీలోంచి పారేశాను.

ఆయనకు పేరుంది. నేను రాయను. పరిచయం ఉన్నన్నాళ్లూ ఆయన నా పేరు ఒక్కసారి కూడా పలకలేదు. "బెజవాడ" అని పిలిచేవాడు. నలుగురిలో ఉంటే "మన బెజవాడ బిడ్డ" అనేవాడు. ఊరంతా ఆయనను వరసకు చిన్నాయన అన్నట్టు కాక అనేది. నేనూ అదే అంటాను.

బెల్లంపల్లి స్టేషను వెనక, బొగ్గు వ్యాగన్లు నిలిచే పట్టాలకు ఇవతల ఆయన మెస్సు ఉండేది. ముందు పెంకుటిల్లు, వెనక బర్రెల కొట్టం. గనుల్లో కొత్తగా నౌకరీకి వచ్చిన పెండ్లికాని పిల్లలు, పెండ్లాలను ఊళ్లో విడిచి వచ్చినవాళ్లు అక్కడ తినేవారు. కొందరు అక్కడే పండుకునేవారు. వంట బాగుండేది, అది కాదనను. కాక భార్య చేసే పచ్చిపులుసు కోసం డ్యూటీ దిగినవాళ్లు మసి మొహాలైనా కడుక్కోకుండా వచ్చేవాళ్లు. కానీ ఆ మెస్సులో రెండు బంతులు ఉండేవి. గోడవైపు బంతి మనోళ్లది. వాకిలివైపు బంతి చుట్టాలది.

చుట్టాల బంతి అంటే మర్యాద అనుకుంటారు తెలియనివాళ్లు. ఆయన కసి అంతా ఆ మర్యాదలోనే ఉండేది. ముందు మనోళ్లకు వడ్డించేవారు. వాళ్లు పప్పు మారు అడిగి, పులుసు మారు అడిగి, నీళ్లు తాగి తేన్చిన తర్వాత గిన్నెలు మా దగ్గరికి వచ్చేవి. అప్పుడు కాక స్వయంగా వచ్చి మా ఎదుట గొంతుక్కూచుని బతిమాలేవాడు.

"ఇంకింత పెట్టుకోన్రి. మీరు చుట్టాలు. చుట్టాలు కడుపు మాడ్చుకొని లేస్తే నా ఇజ్జత్ ఏం గావాలె?"

గిన్నెలో ఉండేది అడుగున గీకిన మాడు. దాన్ని గంటెతో రెండు చేతులా పట్టి, పెండ్లిలో వడ్డించినట్టు వడ్డించేవాడు. గోడవైపు బంతి కిందికి చూస్తూ నవ్వు ఆపుకునేది.

ఎవరు ఏ బంతిలో కూర్చోవాలో తాను చెప్పేది కాదని ఆయన వాదన. సన్నదోమ చెప్తుందనేవాడు.

దాన్ని చదువుకున్నవాళ్లు ఇసుక ఈగ అంటారు. మాకు అది సన్నదోమే. మామూలు దోమలో సగం కూడా ఉండదు. ఇసుక రంగు, ఒళ్లంతా నూగు. చప్పుడు చేయదు. సరిగా ఎగరదు కూడా, గోడ మీద గెంతుతూ పోతుంది. దోమతెర కన్నాల్లోంచి దూరి వస్తుంది. మట్టిగోడల నెర్రెల్లో, పేడ తడి ఉన్న మూలల్లో దాని కాపురం. మణికట్టు, చీలమండ, మెడ, చెవి వెనక, ఎక్కడ బట్ట లేకపోతే అక్కడ కుడుతుంది.

బర్రెల కొట్టానికి ఆనుకుని ఒక మట్టిగోడల గది ఉండేది. కాక దానికి పెట్టిన పేరు అల్లుని అర్ర. కొత్తగా ఎవడు వచ్చినా మొదటి రాత్రి మంచం అందులోనే. దుప్పటి ఉతికినదే వేయించేవాడు. కడవలో నీళ్లు పెట్టించేవాడు. "మంచిగ పండుకో అల్లుడా, ప్రయాణం జేసి వచ్చినవు" అని తలుపు తానే దగ్గరికి వేసేవాడు. తెల్లారగానే చాయ కూడా తానే తెచ్చేవాడు. చాయ తాగనిచ్చేవాడు. తర్వాత "ఏదీ, చెయ్యి చూపెట్టు" అనేవాడు.

ఆయన చెయ్యి చూసే తీరు ఒకటి ఉంది. మణికట్టును రెండు వేళ్లతో పట్టి వెలుతురులోకి తిప్పేవాడు. తోలు మీద ఒకసారి నోటితో ఊదేవాడు. ఎర్రగా ఏదన్నా కనిపిస్తే బొటనవేలు నాలుకకు అద్దుకుని దాని మీద రుద్దేవాడు, గోకుడు గీతో దోమ కాటో తేల్చుకోవడానికి. తర్వాత మెడ, తర్వాత కాళ్లు. ఒంటి మీద ఏమీ లేకపోతే "మనోడే" అని భుజం తట్టేవాడు. దద్దులు లేస్తే చెయ్యి మెల్లగా వదిలేసి "చుట్టం బిడ్డా" అనేవాడు.

ఆయన సిద్ధాంతం చిన్నది. సన్నదోమ అందరినీ కుడుతుంది. కానీ ఈ మట్టిలో పుట్టినవాణ్ని కోపంతో కుట్టదు. "దానికి మనోడు తెలుసు. కుడుతది, ఇడుస్తది. పరాయోడు దొరికితెనే ఇసం బెడ్తది." ఎవరన్నా ఎదురు మాట్లాడితే, "నాకు తెల్వది బిడ్డా, దానికి తెలుసు. దోమకు లంచం నడువది" అనేవాడు.

బిడ్డా అనే మాట గురించి చెప్పాలి. మామూలుగా ఆయన ఎవరినీ బిడ్డా అనడు. ఏమే, ఓయి, పోరడా, ఇవే ఆయన పిలుపులు. ఎవరినన్నా కొయ్యబోయే ముందు మాత్రం బిడ్డా అనేవాడు. ఆ మాట వినపడితే గోడవైపు బంతి తినడం ఆపి చెవులు రిక్కించేది.

సాక్ష్యం కోసం తన వీపు చూపించేవాడు. ఎండకాలమంతా అంగీ లేకుండా బర్రెల మధ్య మంచం వేసుకుని పండుకుని, పొద్దున బావి దగ్గర అందరికీ వీపు తిప్పేవాడు. నల్లగా, నున్నగా, నూనె రాసిన కడవలాగా ఉండేది. "గీడ ఒక్క దద్దు చూపెట్టుండ్రి, మెస్సు మీకే రాసిస్త."

ఆయన పక్షపాతి అని మాత్రం అనలేను. నాకు ఆ సుఖం కూడా లేదు. ఆయన సొంత అక్క కొడుకు షోలాపూర్ మిల్లులో పనిచేసేవాడు. అక్కడే పుట్టి పెరిగిన తన పిల్లవాణ్ని తీసుకుని అతను మేనమామ ఇంటికి వచ్చాడు. వాళ్లకూ అల్లుని అర్రే. తెల్లారి పిల్లవాడి బుగ్గ మీద కందిగింజలంత దద్దులు. కాక ఊదాడు, రుద్దాడు, చూశాడు. ఉన్నన్ని రోజులూ ఆ పిల్లవాణ్ని చుట్టాల బంతిలో కూర్చోబెట్టి మాడు పెట్టించాడు. అక్క వచ్చి వాకిట్లో కూర్చుని ఏడ్చింది.

"నా మనుమడు నీకు చుట్టమైండా తమ్మీ?"

"నాకు మనుమడే అక్కా. దోమకే చుట్టం" అన్నాడు ఆయన. నవ్వలేదు కూడా.

మరొకసారి కోస్తా నుంచి బదిలీ మీద వచ్చిన స్కూళ్ల ఇన్‌స్పెక్టరుకు ఎక్కడా గది దొరకలేదు. కాక ఎదురుపోయి సామాను తానే మోసుకుని వచ్చాడు. మర్నాడు ఆ పెద్దమనిషి పైపెదవి ముక్కుదాకా ఉబ్బి, ఒక కన్ను మూసుకుపోయి, ఆ మొహంతోనే బడికి పోయాడు. కాక ఆయన వెంట బజారంతా నడిచాడు, గొడుగు పట్టి. "మెల్లగ నడువుండ్రి, ఎండ తగుల్తది" అంటూ అందరికీ చూపించుకుంటూ పోయాడు. ఆ ఇన్‌స్పెక్టరు చివరిదాకా ఆయనకు నమస్కారాలు పెడుతూనే ఉన్నాడు.

ఇక నా సంగతి.

నేను పుట్టింది చొప్పదండి పక్క పల్లెలో. రజాకార్ల గడబిడ నాటికి నాకు పదేండ్లు. బాపు మమ్మల్ని బండి ఎక్కించి, ఊళ్లు మార్చుకుంటూ బెజవాడ చేర్చాడు. అక్కడ మా మేనమామకు రెండంతస్తుల ఇల్లు, కింద బట్టల కొట్టు. మేం పైన ఉండేవాళ్లం. మళ్లీ పోదాం, మళ్లీ పోదాం అంటూ బాపు అక్కడే పోయాడు. నేను మెట్రిక్ ముగించి, అవ్వను, అంటే మా అమ్మను, చొప్పదండిలో పెద్దమ్మ దగ్గర దింపి, నౌకరీ కోసం బెల్లంపల్లి వచ్చాను. అప్పటికి ఆంధ్రప్రదేశ్ అయింది. అయినా ఎవరు ముల్కీ, అంటే ఇక్కడోడు, ఎవరు కాదు అనే మాట చాయ హోటళ్లలో చల్లారలేదు. గని టైమాఫీసులో ఒక గుమాస్తా ఖాళీ ఉంది. కూలీల హాజరు వేసే పని. మా ఇంట్లో మొదటి నౌకరీ అది అవుతుంది. కలిసినప్పుడల్లా అవ్వ ఆ మాటే అడిగేది.

నాతోపాటు ఆ పనికే ఇంకొక పిల్లవాడు వచ్చాడు. దక్షిణాన కొండల మీది కూనూరు నుంచి. తండ్రి అక్కడ టీ తోటల ఆఫీసులో ఉన్నాడు. తాతల నాడు చిత్తూరు దిక్కు నుంచి కొండెక్కినవాళ్లు. సన్నగా, తెల్లగా, చలి దేశపు పిల్లవాడు. మేమిద్దరం ఒకే రైలు దిగి ఒకే మెస్సుకు పోయాం.

టైమాఫీసు హెడ్ గుమాస్తా కూడా అక్కడే తినేవాడు, గోడవైపు బంతిలో. నేను నా కాగితాలు చూపించబోతే చేత్తో ఆపాడు.

"కాగితం అందరి దగ్గర ఉంటది. కాగితం తహసీల్ల పుడుతది. మనిషి యాడ పుట్టిండో కాక చెప్తడు."

నేను నవ్వాను. నేను పుట్టిన నేలకు నేను తిరిగి వచ్చాను, నాకు పరీక్ష ఏమిటి అనుకున్నాను. ఆ రాత్రి అల్లుని అర్రలో కూనూరు పిల్లవాడు ఒక మంచం మీద, నేను ఒక మంచం మీద పండుకున్నాం. వాడు హాయిగా నిద్రపోయాడు. నేను కాసేపటికే లేచి కూర్చున్నాను. మణికట్టు మీద నిప్పురవ్వ పడ్డట్టు, మెడ మీద ఇంకొకటి, కాళ్ల మీద లెక్కలేదు. తెల్లారేసరికి నా చేతులు నావి కావు.

కాక చాయ తెచ్చాడు. ముందు వాడి చెయ్యి చూశాడు. ఊదాడు. తిప్పాడు. మెడ చూశాడు. తెల్లటి తోలు మీద ఒక్క చుక్క లేదు.

"మనోడే" అన్నాడు.

ఆ పిల్లవాడు నిజాయితీపరుడు. "లేదండీ, మాది చిత్తూరు వైపు. నేను ఇటువైపు రావడమే మొదటిసారి" అన్నాడు.

"నీకు తెల్వది పోరడా. నీ తాతకు ఎనుకటి తాత మన గోదారి ఒడ్డోడే అయి ఉంటడు. నువ్వు మరిచినవ్. దోమ మరువలే."

తర్వాత నా చెయ్యి పట్టుకున్నాడు. ఊదలేదు, రుద్దలేదు. అవసరం లేకపోయింది.

"మాది చొప్పదండి పక్కనండీ" అన్నాను. ఆ అండీ నా నోట్లోంచి ఎట్లా వచ్చిందో ఇప్పటికీ నాకు మంటగా ఉంటుంది. బెజవాడలో అన్నేండ్లు ఉంటే నాలుకకు అంటుకుంది.

కాక నా చెయ్యి మెల్లగా వదిలేశాడు. "చుట్టం బిడ్డా" అన్నాడు. "అలసిపోయి వచ్చినవు. రెండు దినాలు ఉండి పో."

ఆయన భార్య వేపాకు నూరి తెచ్చి రాసింది. ఆ ముద్ద చేతులకే సరిపోయింది. కాళ్లకు కూడా కావాలని నేను అడగలేదు, ఆమె తేలేదు.

కూనూరు పిల్లవాడికి నౌకరీ వచ్చింది. నాకు చుట్టాల బంతి వచ్చింది. ఊళ్లోనే ఒక ప్రైవేటు బడిలో పిల్లలకు అక్షరాలు దిద్దించే పని దొరికింది. ఇంకెక్కడా తిండి లేక ఆ మెస్సులోనే తిన్నాను. అవ్వకు మాత్రం టైమాఫీసులోనే ఉన్నానని చెప్పాను. ఆమె చొప్పదండిలో అందరికీ అదే చెప్పుకుంది.

పది పన్నెండు రోజులు గడిచాయో లేదో, కూనూరు పిల్లవాడి చేతులు లేచాయి. ఒక్క రాత్రిలో. నాకంటే ఘోరంగా. గోకి గోకి పుండ్లు చేసుకున్నాడు, జ్వరం పట్టుకుంది. నేను ఆ చేతిని తీసుకుపోయి గోడవైపు బంతి ముందు పెట్టాను.

"చూడు కాకా, మీ మనోణ్ని."

కాక చూశాడు. "బొగ్గు మసి పడలే పోరనికి. ఆఫీసుల గాలి లేదు" అన్నాడు. అంతే. ఆ పిల్లవాడి జ్వరం తగ్గేదాకా ఆయన తడిబట్ట పట్టుకుని మంచం పక్కనే కూర్చున్నాడు. గంజి తానే తాగించాడు. ఇది కూడా చెప్పకపోతే అబద్ధం చెప్పినట్టు అవుతుంది. కానీ నా చేతులు ఉబ్బి చొక్కా గుండీలు పెట్టుకోలేకపోయిన రోజుల్లో ఆయన నాకు చెంబెడు నీళ్లు తెచ్చి ఇవ్వలేదు. అదీ రాయాలి.

మూడో ఎండకాలం వచ్చేసరికి నాకు ఉబ్బడం ఆగిపోయింది. కుట్టేవి, తెలిసేది, లేచేవి కావు. నేను చొక్కా విప్పి చుట్టాల బంతిలోంచి లేచి నిలబడ్డాను.

"ఇప్పుడు చూడు కాకా. ఒక్కటన్నా ఉందా?"

ఆయన నా చుట్టూ ఒకసారి తిరిగాడు. బంతులు రెండూ చూస్తున్నాయి.

"లేదు" అన్నాడు. "తోలు మొద్దువారింది. రోజు తన్నులు తినే గొడ్డు గూడ కొన్నొద్దులకు అరుసుడు ఆపుతది బిడ్డా. గంత మాత్రాన ఇంటి గొడ్డు అయితదా? మొదటి రాత్రి మొదటి రాత్రే."

ఆయన శబ్దం లేకుండా నవ్వేవాడు. భుజాలు మాత్రం ఎగిరేవి. ఆ రోజు చాలాసేపు ఎగిరాయి.

ఆ ఏడే కూనూరు పిల్లవాడు ఈ పుండ్లు నావల్ల కాదని పని వదిలేసి కొండకు పోయాడు. టైమాఫీసులో చోటు మళ్లీ ఖాళీ అయింది. హెడ్ గుమాస్తా మళ్లీ కాక మాటే అడుగుతాడు. అవ్వకు చెప్పిన అబద్ధాన్ని నిజం చేసుకునే దారి ఒకటి దొరికింది నాకు. అప్పుడే డాక్టరు మాట విన్నాను.

దవాఖానాలోకి కొత్తగా వచ్చిన డాక్టరు అంతకు ముందు బీహారులో కాలా అజార్ జ్వరం పట్టిన రోగుల మధ్య పనిచేసినవాడు. ఆ జ్వరాన్ని మోసేది ఇదే జాతి ఈగ అని, మన దగ్గర ఆ రోగం లేదు కాబట్టి బతికిపోయామని చెప్పాడు. బడి పిల్లవాణ్ని ఒకణ్ని తీసుకుపోయినప్పుడు నేను నా కథంతా ఆయన ముందు పెట్టాను. ఆయన వింటూ వింటూ కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

"మొదటి రాత్రికే లేచాయా నీకు?"

"తెల్లారేసరికే."

"అయితే ఆ ఈగ నిన్ను అంతకు ముందే కుట్టి ఉండాలి. కొత్త ఒంటికి మొదటి కాటు తెలియదు. ఈగ లాలాజలం లోపలికి పోతుంది, ఒళ్లు దాన్ని గుర్తు పెట్టుకుంటుంది, అంతే. కొన్ని రోజులు పోయాక కుడితే అప్పుడు తిరగబడుతుంది. ఆ కూనూరు అబ్బాయికి జరిగింది అదే. వాడు అసలైన కొత్తవాడు."

"మరి ఇక్కడివాళ్లకు?"

"చిన్నప్పటి నుంచీ రోజూ కుట్టించుకుంటే ఒళ్లు విసిగి ఊరుకుంటుంది. నువ్వు మధ్యలో వెళ్లిపోయావు. ఓర్పు పోయింది, జ్ఞాపకం మిగిలింది."

బీహారులో తాను చూసినవాళ్ల గురించి కూడా చెప్పాడు. జ్వరం తగ్గి బతికి బయటపడ్డవాడికి సాధారణంగా మళ్లీ ఆ జ్వరం రాదట. కానీ కొందరికి, అంతా మరిచిపోయిన ఏండ్లకు, మొహం మీద మచ్చలు లేస్తాయట. లోపల ఏదో మిగిలి ఉంటుంది, ఒళ్లు దానితో ఇంకా కొట్లాడుతూనే ఉంటుంది అన్నాడు. నాకు ఆ రోగుల మీద జాలి వేయలేదు. వాళ్లు నాకు అర్థమయ్యారు.

నేను దవాఖానా నుంచి తిన్నగా మెస్సుకు పోయాను. పగటి బంతి నడుస్తున్నది. హెడ్ గుమాస్తా పులుసు జుర్రుతున్నాడు. నేను వాకిట్లోనే నిలబడి డాక్టరు చెప్పినదంతా ఒక్క ముక్క వదలకుండా చెప్పాను. మొదటి రాత్రే ఉబ్బినవాడు ఈ నేల మీద పుట్టినవాడు, ఉబ్బనివాడే పరాయివాడు, మీరు మూడేండ్ల కింద ఇద్దరినీ తారుమారు చేశారు అన్నాను. అవ్వ పేరు కూడా తీశాను. నాకు నౌకరీ ఉందని ఆమెకు చెప్పి బతుకుతున్నానని అందరి ముందూ అన్నాను.

హెడ్ గుమాస్తా చెయ్యి ఆపి కాక వంక చూశాడు. ఆ ఒక్క క్షణం ఆ నౌకరీ నాదే.

కాక గంటె గిన్నెలో పెట్టాడు. నా దగ్గరికి వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు.

"డాక్టర్ సాబ్ పెద్దగ సదువుకున్నోడు. ఆయన చెప్పింది కాదనే అక్కల్, గంత తెలివి నాకు లేదు. నీ ఒళ్లు గా దోమను ముందుగల్లనే ఎరుగు. అంతేనా?"

"అంతే" అన్నాను.

"ఒక్కటి అడుగుత బిడ్డా. గా దోమ బెజవాడల ఉన్నదా, లేదా?"

నేను డాక్టరును ఆ మాట అడగలేదు.

"అడిగి రాపో" అన్నాడు కాక. "నీ ఒళ్లు ఎరిగింది ఏ ఊరి దోమనో అడిగి రా. అన్నం మూత బెట్టి ఉంచుత."

మొదట నవ్వింది హెడ్ గుమాస్తా. నేను నిజంగానే దవాఖానాకు తిరిగి పోయాను. డాక్టరు చేతులు కడుక్కుంటున్నాడు. "బెజవాడలోనా? ఎందుకు ఉండదు, పేడా మట్టీ ఉన్న ప్రతిచోటా ఉంటుంది" అన్నాడు. తర్వాత చాలా ఏండ్లు నేను ఆ మెస్సు గడప తొక్కలేదు. ఆ చోటు లక్షెట్టిపేట నుంచి వచ్చిన ఒక పిల్లవాడికి ఇచ్చారు. వాడి చేతులు నున్నగా ఉన్నాయట.

అవ్వకు ఆ ఏడు నేను టైమాఫీసులో లేనని తెలిసింది. చొప్పదండి మనిషే ఎవడో గని పని మీద వచ్చి చూసి చెప్పాడు. ఆమె నౌకరీ మాట అడగడం మానేసింది. పోయేదాకా అడగలేదు.

తర్వాత మలేరియా వాళ్లు వచ్చారు. ఇత్తడి పంపులతో గోడగోడకూ మందు కొట్టారు. జనం దాన్ని పౌడరు అనేవారు. అల్లుని అర్రకు, బర్రెల కొట్టానికి కూడా కొట్టారు. దోమలతోపాటు సన్నదోమలూ పోయాయి. కొన్నేండ్లు ఎవరికీ ఏమీ కుట్టలేదు. కాకకు పరీక్ష పెట్టడానికి ఏమీ లేకపోయింది. అప్పటికి నేను మంచిర్యాలలో సర్కారు బడికి మారాను. ఆయన అట్లా చేతులు ఖాళీగా కూర్చుని ఉంటాడని తలుచుకుంటే అన్నం రుచిగా ఉండేది.

తర్వాత పౌడరు కొట్టేవాళ్లు రావడం తగ్గింది, తర్వాత మానేశారు. ఒక ఎండకాలం బెల్లంపల్లి నుంచి వచ్చిన మాస్టరు ఒకడు మా బడిలో చెప్పాడు. సన్నదోమ మళ్లీ వచ్చిందట. అక్కడే పుట్టి అక్కడే పెరిగినవాళ్లకు కూడా దద్దులు లేస్తున్నాయట. కాక ఎండల్లో కూడా నిండు చేతుల అంగీ వేసుకుని గుండీలు పెట్టుకుంటున్నాడట.

నేను సంతోషించాను, దాచుకోవడం ఎందుకు. అన్నేండ్లు కుట్టకపోయేసరికి వాళ్ల ఒళ్ల ఓర్పు కూడా పోయింది, నాది పోయినట్టే. ఆ శనివారం సాయంత్రం రైలెక్కాను. టైమాఫీసు నౌకరీ వయసు దాటిపోయింది, అవ్వ లేదు. నాకు కావలసింది ఒక్క మాట. ఇద్దరి చేతులూ పక్కపక్కన పెట్టి, బంతి ముందు, నువ్వు మనోడివే అని ఆయన నోటితో అనాలి.

మెస్సు చిక్కిపోయింది. క్వార్టర్లు కట్టాక పెండ్లాలు వచ్చారు, తినేవాళ్లు తగ్గారు. ఒకటే బంతి మిగిలింది, గోడవైపుది. కాక ముసలివాడయ్యాడు. నన్ను చూసి కళ్లు చికిలించి "బెజవాడ" అన్నాడు. నేను అల్లుని అర్రలో పండుకుంటానంటే కాదనలేదు.

రాత్రంతా కుట్టించుకున్నాను. దుప్పటి కప్పుకోలేదు. తెల్లారి నా చేతులు మొదటిసారి ఎట్లా లేచాయో అట్లా లేచాయి. వాటిని దాచుకోకుండా బంతి దగ్గరికి పోయాను. కాక వడ్డన చూస్తున్నాడు.

"కాకా, అంగీ చేతులు పైకి తీయి" అన్నాను. "అందరూ చూస్తారు."

తీయడనుకున్నాను. ఆయన గుండీలు విప్పి రెండు చేతులూ మోచేతుల పైదాకా మడిచాడు. దద్దులు, గోకిన గీతలు, ముసలి తోలు. సిగ్గుపడలేదు. బంతి వైపు చూపించాడు.

"సూడుండ్రి. ఇది మన దోమ గాదు. మన దోమను పౌడరు కొట్టి సంపిన్రు. ఇది యాడికెళ్లో వచ్చిన పరాయి దోమ. మనోళ్లంటె దీనికి పడది. మీ అందరికి లేసినయా, లేదా?"

"లేసినయి కాకా" అన్నారు బంతిలోవాళ్లు. ఒకడు తన మెడ చూపించాడు. ఒకడు పంచె ఎత్తి పిక్క చూపించాడు. వాళ్ల మొహాల్లో ఏదో ఊరట కనిపించింది. చాలా రోజులుగా వాళ్లు కూడా భయపడుతూ ఉన్నారని అప్పుడు నాకు తెలిసింది.

నేను వెంటనే నా చేతులు ఆయన ముందు చాపాను. నాకు ఇంకేం కావాలి, దారి ఆయనే తెరిచాడు.

"నాకూ లేచాయి కాకా. చూడు. మీ అందరికీ లేచినట్టే నాకూ లేచాయి."

ఆయన నా మణికట్టును రెండు వేళ్లతో పట్టి వెలుతురులోకి తిప్పాడు. ఊదాడు. బొటనవేలు నాలుకకు అద్దుకుని ఒక దద్దు మీద మెల్లగా రుద్దాడు. ఎప్పుడూ నాకు చేయని పరీక్ష అంతా చేశాడు.

"మన దోమ కుట్టిన్నాడు నీకు లేసినయి" అన్నాడు. "ఇయ్యాల పరాయి దోమ కుట్టినా లేసినయి. నువ్వు ఇటోనివి గావు, అటోనివి గావు బిడ్డా. నీకు ఏ దోమా లేదు."

ఎవరూ నవ్వలేదు. అది నవ్వే మాటగా వాళ్లకు అనిపించలేదు, తేలిపోయిన సంగతిలాగా తలలు ఊపి అన్నంలోకి వంగారు. వడ్డించేవాడు చేతిలో ఒక విస్తరి పట్టుకుని ఎక్కడ వేయాలో తెలియక కాక వంక చూశాడు. కాక అంగీ చేతులు దించుకుంటూ, గుండీ పెట్టుకుంటూ, గడ్డంతో వాకిలి అవతలికి చూపించాడు.

నేను అక్కడ కూర్చుని తిన్నాను. రైలుకు ఇంకా సమయం ఉంది, ఆకలిగా కూడా ఉంది.

ఆ మాట తీసివేయగలిగినవాడు ఆయన ఒక్కడే. డాక్టరు చెప్పినా, తహసీలు చెప్పినా, చొప్పదండి అంతా వచ్చి చెప్పినా అది పోదు. ఆయన నోటితోనే పోవాలి. ఆయన ముసలివాడవుతున్నాడని నాకు తెలుసు. ఎప్పటికైనా మెత్తబడతాడని, అప్పుడు పోయి ఎదురుగా కూర్చోవాలని ఎదురుచూస్తూ వచ్చాను. ప్రతి ఎండకాలం అనుకున్నాను. ఇప్పుడు ఆ టైలరు బత్తాయి తింటూ చెప్పాడు, పోయాడని, దినాలు కూడా అయిపోయాయని. ఏమైనా అన్నాడా పోయేముందు అని అడిగాను, నా గురించి అని అనకుండా.

"ఏం అనలే సారు. నిద్రలనే పోయిండు" అన్నాడు వాడు.